కల్యాణ భోజనాల కలంకారీ

"పోయిన వస్తువు దొరికింది. తీసినవాడు దొరికాడు. ఇంకా ఇక్కడ నీకేం పని ఉజ్వలా?"

హర్షవర్ధన్ గొంతులో వెటకారం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తుకి వచ్చిన మనిషి గంటన్నరలో కేసు తేల్చేస్తే ఆ మాత్రం సంతోషం ఉండదా? ఒకప్పుడు ఇద్దరూ అదే కంపెనీలో పక్కపక్క గదుల్లో పని చేశారు. ఉజ్వల మానేసి షికాగోలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక, ఎక్కడ ఎదురుపడినా ఇద్దరి మధ్యా పందెమే.

ఆమె గ్యాలరీ పైఅంతస్తులో, పొడవాటి బల్ల మీద పరిచిన గుడ్డని చూస్తోంది.

రెండు వందల ఏళ్ళ నాటి కాళహస్తి కలంకారీ అది. సీతమ్మ పెళ్ళి భోజనాలు. అరిటాకుల ముందు కూర్చున్న బంతి, వంగి వడ్డించేవాళ్ళు, ఓ మూల గాడిపొయ్యి మీద గుండిగలు, పొగకి కళ్ళు నులుముకుంటున్న వంటవాడు, రెండో బంతి కోసం స్తంభం చాటున ఎదురుచూస్తున్న పిల్లవాడు. ఒక్కొక్కరి కింద తెలుగక్షరాల్లో వాళ్ళెవరో రాసి ఉంది. అన్ని వందల మంది మొహాల్లో ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు.

డాక్టర్ దమయంతి దాన్ని నలభై ఏళ్ళ కిందట షికాగో పక్కనున్న ఎవాన్‌స్టన్‌లో ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో చూసి కొనుక్కుంది. పియానో మీద దుమ్ము పడకుండా కప్పారట. ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైన ఆవిడ, ఈ వసంతంలో మొదటిసారి దాన్ని నది ఒడ్డున ఉన్న ఈ రివర్ హౌస్ గ్యాలరీకి ప్రదర్శనకి ఇచ్చింది. ఈ శనివారం పొద్దున పదింబావుకి గార్డు చూస్తే గాజు పెట్టె ఖాళీ. అంతకు అరగంట ముందు ఉంది. తాళం పగలలేదు. డాక్టరు గారు వెంటనే ఉజ్వలకి ఫోన్ చేసింది. ఉజ్వల వచ్చేసరికే హర్షవర్ధన్ గుడ్డని బయటికి తీశాడు. గ్యాలరీ వెనక సందులో ఆపిన ఒక టూరిస్టు వ్యాన్‌లో, చివరి సీటు కింద దొరికింది. వ్యాన్ తెలుగువాళ్ళకి ఊరు తిప్పి చూపించే శశికాంత్‌ది.

"నా మిస్టేక్ ఇది ఆంటీ," అంటూ రిషిత ఏడుస్తోంది. ప్రదర్శన ఏర్పాటు చేసిన అమ్మాయి. అమెరికాలోనే పుట్టి పెరిగింది. "కీస్ కౌంటర్ మీద పెట్టి ఫోన్ మాట్లాడ్డం వెళ్ళాను. శశి అంకుల్ అక్కడే ఉంది. నేను థింక్ చేయలేదు."

"ఊరుకో తల్లీ. దొరికింది కదా," అని దమయంతి ఆమె వెన్ను నిమిరింది. "కింద ఆ టూరిస్టులు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటారు. వెళ్ళి వాళ్ళని చూడు."

రిషిత కళ్ళు తుడుచుకుంటూ కిందికి వెళ్ళింది. గ్యాలరీలో పాత వస్త్రాల సంరక్షణ చూసే విశాల్ చేతులకి తొడుగులు వేసుకుని, భూతద్దంతో గుడ్డ నాలుగు అంచులూ పరీక్షించి తల పంకించాడు. "ఇదే. ఏ దెబ్బా తగల్లేదు," అన్నాడు ఇంగ్లీషులో. హ్యూస్టన్‌లో పెరిగిన గుజరాతీ కుర్రాడు. రెండు నెలల కిందటే ఈ ఊరొచ్చి ఈ ఉద్యోగంలో చేరాడు.

ఆ మాట వినగానే దమయంతి చటుక్కున ముందుకు వంగి, గుడ్డ కొసని రెండు చేతులతో ఎత్తి, చెంపకి ఆనించుకుంది. ఆవిడ కళ్ళనీళ్ళు వంటవాడి భుజం మీద పడ్డాయి. గదిలో ఎవరూ కదల్లేదు. హర్షవర్ధన్ కూడా తల దించుకున్నాడు.

కాసేపటికి తేరుకుని ఆవిడ, "ఇంక దీన్ని ఒంటరిగా ఉంచను. దీని జత ముక్క మా ఇంట్లో ఉంది. అది కూడా ఎప్పుడో ఒకసారి మీకు చూపించాలి," అంది ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.

ఉజ్వల చూపు మాత్రం విశాల్ చేతుల మీద ఉంది. తెల్లటి తొడుగులు. కదలకుండా ఉన్నాయి.

*

"కాఫీ తాగారా పొద్దున?" అని ఇంగ్లీషులో అడిగింది ఉజ్వల, వరండాలో విశాల్‌ని కలిసి, ఊసుపోక అడిగినట్టు. "ఇక్కడ దగ్గర్లో మంచి చోటు ఏదైనా ఉందా?"

"నదికి అవతల ఉంది. పొద్దున అక్కడే తాగాను."

"అయితే గొడవ జరిగినప్పుడు మీరు లేరన్నమాట."

"లేను. సరిగ్గా పదింటికి వంతెన మీద ఉన్నాను. నేను లోపలికి వస్తుంటేనే గార్డు కేకలు పెడుతున్నాడు."

"ఈ ఎదురుగా ఉన్న వంతెనేనా? జనం బాగా ఉంటారేమో?"

"శనివారం కదా, ఖాళీగానే ఉంది. ఎక్కడా ఆగకుండా నడుచుకుంటూ వచ్చేశాను," అని నవ్వాడు. చక్కటి నవ్వు. ఆమె కూడా నవ్వి, థాంక్స్ చెప్పి మెట్లు దిగింది.

శశికాంత్‌ని కింద సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. యాభై దాటిన మనిషి. నెత్తి మీద టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు తిప్పుతున్నాడు. పోలీసులు వచ్చేదాకా కదలొద్దని హర్షవర్ధన్ హుకుం.

"అక్కా, నువ్వన్న నమ్ముతవా? నేను గా గుడ్డని ముట్టలే."

"ముందు పొద్దుటి నుంచి ఏం చేశారో చెప్పండి."

"మోరిస్‌విల్ నుంచి నాలుగు ఫ్యామిలీలు వచ్చినయ్. వ్యాన్ వెనక సందుల పెట్టిన. దాని వెనక డోర్ సక్కగ లాక్ పడది, రిపేర్ చేయించాలె అనుకుంటనే ఉన్న. గ్యాలరీల టికెట్ల కోసం కౌంటర్ కాడ ఐదు నిమిషాలు నిలబడ్డ. అక్కడ కీస్ గీస్ నాకేం కనపడలే. అంతల గుర్తొచ్చింది, ఇయ్యాల పడవల రోజని. గుడ్డ యాడికి పోతది, ముందు పడవలు చూద్దాం రండ్రి అని అందర్ని నది మీదికి తీస్కపోయిన."

"పడవల రోజంటే?"

ఆ ప్రశ్నకి అతని మొహం మారిపోయింది. దొంగతనం మోపారన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయినట్టే ఉన్నాడు. "షికాగోల ఉంటూ నువ్వు చూడలేదా అక్కా? చలికాలమంత తెరచాప పడవలని లోపలి యార్డులల్ల దాస్తరు. ఎండలు రాంగనే సరస్సులకి తోల్కపోతరు. వాటి స్తంభాలు ఎత్తు కదా, వంతెనల కింద పట్టవు. అందుకని ఒక్కొక్క వంతెన నడిమికి చీలి లేస్తది. తారు రోడ్డు, దాని మీది తెల్ల గీతలు, దీపాల స్తంభాలు, మొత్తం గోడ లెక్క నిలువుగ నిలబడుతది! కింద నుంచి పడవలు, పెండ్లి ఊరేగింపు లెక్క ఒకదాని వెనక ఒకటి. పన్నెండేండ్ల నుంచి చూస్తున్న, గిప్పటికీ నాకు రోమాలు నిక్కబొడుచుకుంటయ్. మా గ్రూపుల ఒక పెద్దాయన, బిల్డింగులు చూసీ చూసీ మెడ నొచ్చిందని పొద్దటి నుంచి సణుగుతుండె, ఆయన చప్పట్లు కొట్టిండు!"

"ఏ వంతెన?"

"గీ ఎదురుంగ ఉన్నదే."

"ఎన్నింటికి?"

అతను ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఎత్తిన రోడ్డు, కింద ఎర్రటి పడవ, చప్పట్లు కొడుతున్న పెద్దాయన. తీసిన సమయం పదింటికి రెండు నిమిషాల ముందు మొదలై, పది దాటి ఎనిమిది నిమిషాల దాకా ఉంది. అంతసేపూ రెండువైపులా గేట్లు మూసి, జనం గుంపులుగా నిలబడి ఉన్నారు.

ఖాళీ వంతెన మీద ఎక్కడా ఆగకుండా ఎవరూ నడిచి రాలేరు. ఆ వేళకి అక్కడ వంతెనే లేదు.

"శశికాంత్ గారూ, మీ టూరిస్టులు ఇంకా కిందే ఉన్నారా?"

"ఉన్నరు. ఆ రిషిత పాప ఏదో పని ఉందని ఇందాకనే బయటికి పోయింది. పాపం పొద్దటి నుంచి ఏం తినలే వాళ్ళు."

"మీరే తీసుకెళ్ళి తినిపించండి. హర్షవర్ధన్‌తో నేను మాట్లాడతాను."

*

హర్షవర్ధన్ గాజు పెట్టె దగ్గరే ఉన్నాడు. గుడ్డని మళ్ళీ అందులో పెట్టి తాళం వేయించాడు. ఫోటోలు తీస్తున్నాడు.

"శశికాంత్‌ని వదిలేశావట!" అన్నాడు తల తిప్పకుండానే. "ఎవరి పర్మిషన్‌తో?"

"అతను తీయలేదు కాబట్టి. వంతెన లేస్తుంటే పదిహేనుమందితో అవతల గట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. వీడియో ఉంది."

"ముందే తీసి వ్యాన్‌లో పడేసి వెళ్ళుంటాడు. నీకెప్పుడూ ఇంతే ఉజ్వలా. కేసు ముగిస్తే నీకు నచ్చదు."

"ముగించడం కాదు, నీ తొందర నచ్చదు. ఒక్క మాట చెప్పు. పైన డాక్టరు గారు గుడ్డని చెంపకి ఆనించుకుని ఏడుస్తుంటే నువ్వు ఏం చేశావు?"

"ఏం చేస్తాను? పెద్దావిడ. చూడలేక తల దించుకున్నాను."

"నువ్వు దించుకోవచ్చు. విశాల్ ఎందుకు ఊరుకున్నాడు? అతని ఉద్యోగమే పాత గుడ్డల మీద చెయ్యి పడకుండా చూడటం. తొడుగులు లేకుండా ముట్టుకుంటేనే కొట్టినంత పని చేస్తారు వాళ్ళు. రెండు వందల ఏళ్ళ గుడ్డ మీద కన్నీళ్ళు పడుతుంటే అతని చెయ్యి కూడా కదల్లేదు."

హర్షవర్ధన్ కెమెరా దించాడు. "మొహమాటపడి ఉంటాడు."

"పదింటికి ఆ వంతెన మీద నడిచొచ్చానని కూడా చెప్పాడు, అది లేచి ఉన్న వేళకి. పెట్టె తీయించు."

"దేనికి?"

"తీయించు హర్షా. నేను పొరపాటు పడితే, ఈ కేసులో నీ రిపోర్టు కింద నేనే సంతకం పెడతాను."

ఆ పందెం అతనికి నచ్చింది. గార్డుని పిలిచి తాళం తీయించాడు. గాజు మూత లేవగానే ఉజ్వల గుడ్డని ముట్టుకోకుండా మొహం దగ్గరగా పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చింది. పక్కకి జరిగి, "నువ్వు చూడు," అంది.

అతను వంగాడు. మొదట మొహంలో విసుగు. తరువాత కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ వంగాడు.

"పాలు," అన్నాడు మెల్లగా. "విరిగిన పాల వాసన. ఇంకేదో వగరు."

"కరక్కాయ. కలంకారీ గుడ్డని గీసే ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు, రంగు పక్కకి పాకకుండా. కొత్త గుడ్డని మూసిపెడితే కొన్నాళ్ళ దాకా ఆ వాసన పోదు. ఇన్నాళ్ళు పియానో మీద, గోడ మీద ఉన్న గుడ్డకి ఎక్కడిది హర్షా పాల వాసన?"

హర్షవర్ధన్ బంతిలో కూర్చున్న వాళ్ళని చూస్తూ, "అయితే ఈ మొహాలన్నీ..." అన్నాడు.

"ఎవరో మహానుభావుడు గీశాడు. నకలే, కానీ దణ్ణం పెట్టాల్సిన చెయ్యి. అసలుది పోయింది."

"మరి నకలు చేతిలో ఉన్నవాడు రహస్యంగా మార్చేసి ఊరుకోవచ్చు కదా! ఈ దొంగతనం, ఈ వ్యాన్, ఇదంతా ఎందుకు?"

"వచ్చే వారం బయటి నిపుణులు వస్తున్నారని డాక్టరు గారు చెప్పింది. పెట్టెలో ఉన్నదాన్ని వాళ్ళు సందేహంతోనే చూస్తారు. అదే పోయి దొరికిందనుకో, అందరూ కళ్ళకద్దుకుంటారు. ఇదేనని విశాల్ చెప్పాడు, నువ్వు రాసుకున్నావు. ఇంక ఎవడు అడుగుతాడు?"

హర్షవర్ధన్ మొహం ఎర్రబడింది. తిట్టేలా ఉన్నాడనుకుంది ఆమె. కానీ అతను గార్డు వైపు తిరిగి, "విశాల్ ఎక్కడ?" అన్నాడు.

"డాక్టరు గారితో వెళ్ళాడు సార్. ఆవిడ కార్‌లో. ఇంట్లో ఇంకో ముక్క ఉందట కదా, అది చూస్తానని ఆయనే అడిగాడు."

*

రెండో రింగుకే దమయంతి ఫోన్ ఎత్తింది. కారు స్పీకర్‌లోంచి వస్తున్న చప్పుడు. అంటే పక్కనున్నవాడికీ వినపడుతుంది.

ఉజ్వల గొంతు తేలిక చేసుకుంది. "డాక్టరు గారూ, నవ్వుతూ వినండి. పక్కన కూర్చున్నతనికి తెలుగు రాదు కదూ?"

అవతల ఘొల్లుమని నవ్వు. "అయ్యో పిచ్చిపిల్లా, ఒక్క ముక్క రాదు!"

"అతని పేరు పలక్కండి. మనది మార్చేసింది అతనే. మీరు ఇంటికి వెళ్ళకూడదు. జనం ఉన్న చోట ఎక్కడైనా ఆగండి. మేము వస్తున్నాం."

ఆవిడ మళ్ళీ నవ్వింది, ఈసారి ఇంకా తీరిగ్గా. "అలాగేనమ్మా. నాకూ ఆకలేస్తోంది. ఇక్కడ ఒక బొద్దు రొట్టె దొరుకుతుంది చూడు, మా ఆయన బతికుండగా ప్రతి పెళ్ళిరోజుకీ తినేవాళ్ళం. అది కాలడానికి ముప్పావుగంట పడుతుంది. ఆర్డరు ఇచ్చాక లేచి వెళ్ళేవాడు ఈ ఊళ్ళోనే ఉండడు. నదికి ఉత్తరాన, ఎర్ర గొడుగుల కొట్టు. తెలుసుగా?"

తెలుసు. షికాగోలో ఆ డీప్ డిష్ పిజ్జా కొట్టు తెలియనిదెవరికి?

కారు తీసినవాడు హర్షవర్ధన్. దారిలోనే ఫోన్ చేసి పోలీసుల్ని గ్యాలరీకి కాకుండా ఆ కొట్టుకే రమ్మన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముందుకే చూస్తూ, "మత్తు డాక్టరు కదా. మనిషి లేవకుండా ఎంతసేపు పడుకోబెట్టాలో ఆవిడకి తెలుసు," అన్నాడు. ఇన్నేళ్ళలో అతను ఆమెతో వేసిన మొదటి జోకు అదే.

వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి ఇనప పళ్ళెంలో పిజ్జా అప్పుడే వచ్చింది. గోడలా లేచిన అంచు, మీద ఎర్రటి టమాటా, కింద బుసబుసమంటున్న చీజు. దమయంతి స్వయంగా ముక్క కోసి విశాల్ పళ్ళెంలో వేస్తోంది. తీగలు సాగుతున్నాయి. పక్క కుర్చీకి ఆనించి ఒక పొడవాటి నల్లటి గొట్టం ఉంది.

విశాల్ హర్షవర్ధన్‌ని చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు పోలీసుల్ని చూశాడు. ఫోర్కు కింద పెట్టి, చేతులు బల్ల మీద పెట్టేశాడు.

"ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలన్నాడు, మా ఇంట్లో ముక్క చూసి అటునుంచి అటే," అంది దమయంతి. "ఆ గొట్టం ఒక్క క్షణం కూడా వదల్లేదు."

హర్షవర్ధన్ తొడుగులు వేసుకుని, గొట్టం మూత తీసి, చుట్టని జానెడు మాత్రం విప్పాడు. పొగకి కళ్ళు నులుముకుంటున్న వంటవాడు బయటికి వచ్చాడు. ఉజ్వల వంగి చూసింది. పాల వాసన లేదు, ఏ వాసనా లేదు. ఎన్ని చేతులు ఉతికాయో, గులాబీ రేకులా మెత్తబడిన గుడ్డ. గంట కిందట చూసిన నకలు కళ్ళముందే ఉన్నా, దీని ముందు అది నిలవదని తెలిసిపోయింది. అక్కడ వంటవాడి బొమ్మ ఉంది. ఇక్కడ వంటవాడు ఉన్నాడు.

"ఇదే నాది," అంది దమయంతి. ఈసారి కన్నీళ్ళు లేవు. "పైన చెంపకి ఆనించగానే తెలిసిపోయింది నాకు. బిరుసుగా ఉంది."

ఉజ్వల నిటారుగా నిలబడింది. "మీకు అప్పుడే తెలుసా? మరి ఏడ్చారు కదా!"

"నాది పోయినందుకు ఏడ్చాను. గదిలో ఉన్నవాళ్ళలో ఎవరు మార్చారో తెలియదు. నీతో సహా ఎవరితో అనాలన్నా భయమేసింది. అందుకని జత ముక్క ఉందని చెప్పాను. దొంగయినవాడు దాని కోసం వస్తాడు కదా."

"ఒక్కరే అతన్ని ఇంటికి తీసుకెళ్దామనుకున్నారా? ఆ ముక్క ఎదురుగా పెట్టుకుని?"

"ఏ ముక్క?" దమయంతి కళ్ళు మెరిశాయి. "జత లేదు, గిత లేదు. ఉన్నదల్లా ఇదొక్కటే. నీ ఫోను వచ్చేటప్పటికే బండి ఈ కొట్టు వైపు తిప్పాను."

హర్షవర్ధన్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఆవిడ వైపు అలా చూస్తూ ఉండిపోయి, చివరికి రెండు చేతులూ జోడించాడు. ఉజ్వలకీ అదే చేయాలనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్న ఇద్దరు ఒక గుడ్డ చుట్టూ తిరుగుతుంటే, డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఒక్క అబద్ధంతో దొంగని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని భోజనానికి తీసుకొచ్చింది.

అప్పుడు బల్ల మీద విశాల్ ఫోన్ మోగింది. తెర మీద పేరు లేదు. అతని మొహం మొదటిసారి పాలిపోయింది. చెయ్యి చాపబోతుంటే పోలీసు ఆపాడు. ఆ పోలీసు సైగ చేశాక ఉజ్వల వేలితో స్పీకర్ నొక్కింది.

"విశాల్, నీ మెసేజ్ ఇప్పుడే చూశాను." ఇంగ్లీషులో, గుక్క తిప్పుకోకుండా, ఒక ఆడగొంతు. "వెళ్ళకు. ఆ ఇంటికి వెళ్ళకు. రెండో ముక్కంటూ ఏదీ లేదు. ఆవిడ దగ్గరున్న ప్రతి గుడ్డా నా చేతులతో విప్పి, మడిచిపెట్టాను. అది నీకోసం వేసిన వల. వింటున్నావా? ఎక్కడున్నావు?"

హర్షవర్ధన్ ఉజ్వల వైపు చూశాడు. తాళాలు కౌంటర్ మీద వదిలేశానని, శశి అంకుల్ అక్కడే ఉందని ఏడ్చిన గొంతు అది. గుర్తుపట్టడానికి ఇద్దరికీ ఒక్క క్షణం కూడా పట్టలేదు.

దమయంతికి ఆ క్షణం కూడా అక్కర్లేకపోయింది. చేతిలో ఉన్న చాకుని పళ్ళెం అంచున జాగ్రత్తగా ఆనించింది. ఫోన్ దగ్గరికి వంగి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, తెలుగులో అడిగింది.

"రిషితా, ఏమైనా తిన్నావా తల్లీ?"

అవతల ఊపిరి ఆగిపోయినట్టయింది. ఆ వెంటనే ఎక్కడో దూరంగా, రైలు తలుపులు మూసుకుంటున్నాయన్న హెచ్చరిక వినిపించింది. లైన్ తెగిపోయింది.